మూడు నిమిషాలు, ఒక మైకు: స్లామ్ కవిత్వ పోటీలకు వెళ్లే టీనేజ్ పిల్లల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

షికాగో శివార్లలో ఉండే తెలుగు తల్లిదండ్రులు, హైస్కూల్లో చేరిన కొడుకో కూతురో ఒక సాయంత్రం ఇంటికి వచ్చి "స్లామ్ టీమ్‌లో చేరాను" అని చెప్పగానే నాకు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. మా అమ్మాయి నాలుగేళ్లు ఇటువంటి జట్టులో ఉంది. మొదటి ఏడాది నా పని కారు నడపడమే. రెండో ఏడాది నుంచి సాధన జరిగేటప్పుడు స్టాప్‌వాచ్ పట్టుకునే పని నాకు అప్పగించారు. నేను కవయిత్రిని కాను, కోచ్‌నూ కాను. ఆ స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్న చోటి నుంచి చూసినదీ, ఆ పోటీల చరిత్రలో చదివి తెలుసుకున్నదీ రాస్తున్నాను.

స్లామ్ అంటే అసలు ఏమిటి?

కవులు ఒకరి తర్వాత ఒకరు మైకు ముందుకు వచ్చి, తాము రాసిన కవితను తామే చెప్పి, ప్రేక్షకుల్లోంచి అప్పటికప్పుడు ఎంపిక చేసిన ఐదుగురి చేత మార్కులు వేయించుకునే పోటీని స్లామ్ అంటారు. నియమాలు తక్కువ. కవిత సొంతదై ఉండాలి, మూడు నిమిషాల్లో ముగియాలి, వెనుక సంగీతం వినిపించకూడదు, వేషం వేసుకోకూడదు, చేతిలో ఏ వస్తువూ పట్టుకోకూడదు. కాగితం చూసి చదివితే తప్పు కాదు గాని, పోటీ దాకా వచ్చిన పిల్లలు దాదాపు అందరూ కంఠతా పట్టే వస్తారు.

స్పోకెన్ వర్డ్ అనేది ఇంతకన్నా విశాలమైన మాట. కంటితో చదువుకోవడానికి కాకుండా చెవితో వినడానికి రాసిన కవిత్వమంతా అందులోకి వస్తుంది, స్లామ్ అందులోని పోటీ రూపం. టీనేజ్ పిల్లల పోటీల్లో సాధారణంగా 13 నుంచి 19 ఏళ్ల లోపు వారు పాల్గొంటారు. షికాగో పద్ధతిలో ఒక్కొక్క జట్టు నుంచి నలుగురు విడివిడిగా నాలుగు రౌండ్లలో కవితలు చెబుతారు, ఐదో రౌండులో జట్టు మొత్తం కలిసి ఒకే కవితను పంచుకుని చెబుతుంది. దాన్ని గ్రూప్ పీస్ అంటారు. ఆటలో ఏమీ తెలియని వారికి కూడా చూడముచ్చటగా ఉండేది ఆ ఐదో రౌండే.

ఇది ఎక్కడ, ఎలా మొదలైంది?

షికాగోలోనే. మార్క్ స్మిత్ అనే నిర్మాణ కార్మికుడు 1984లో గెట్ మీ హై లౌంజ్ అనే చిన్న బార్‌లో కవితలు చదివే సాయంత్రాలను మొదలుపెట్టాడు. ఆనాటి కవి సమ్మేళనాల్లో కవి తల వంచుకుని కాగితంలోకి చదువుకోవడం, వినేవారు మర్యాద కోసం ఆవలింతలు ఆపుకోవడం ఆయనకు నచ్చలేదు. (మన సభల్లో ఇది ఎన్నడూ చూడనట్టు ఆశ్చర్యపోవలసిన పని లేదు.) 1986 జూలైలో ఆయన ఆ సాయంత్రాలను అప్‌టౌన్ ప్రాంతంలోని గ్రీన్ మిల్ అనే పాత జాజ్ క్లబ్బుకు మార్చి, బేస్‌బాల్ పరిభాష నుంచి స్లామ్ అనే పేరు తెచ్చి, ప్రేక్షకుల చేత మార్కులు వేయించే ఆటగా మలిచాడు. మార్కులుంటే జనం పక్షాలు కడతారు, పక్షం కట్టినవాడు చచ్చినట్టు వింటాడు. 1990లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటి జాతీయ స్లామ్ జరిగింది.

అయితే ఇవన్నీ బార్‌లు. అమెరికాలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మరు కనుక, పిల్లలకు వేరే చోటు కావలసి వచ్చింది. 1996లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జేమ్స్ కాస్ యూత్ స్పీక్స్ అనే సంస్థను స్థాపించాడు. ఆ సంస్థే 1998లో బ్రేవ్ న్యూ వాయిసెస్ అనే జాతీయ యువ స్లామ్ పోటీని ప్రారంభించింది. షికాగోలో బాబ్ బూన్ 1991లో స్థాపించిన యంగ్ షికాగో ఆథర్స్ ఆధ్వర్యంలో కెవిన్ కోవల్, అన్నా వెస్ట్ 2001లో లౌడర్ దాన్ ఎ బాంబ్ అనే పోటీని మొదలుపెట్టారు. వందకు పైగా జట్లు పాల్గొనే స్థాయికి అది పెరిగింది. 2021లో ఆ సంస్థ నాయకత్వం మారింది, ఉత్సవం కూడా 2022 నుంచి రూటెడ్ అండ్ రాడికల్ అనే కొత్త పేరుతో నడిచింది.

వీటన్నిటికీ ముందు మరొక పేరు చెప్పకపోతే ఈ నగరానికి అన్యాయం చేసినట్టే అవుతుంది. 1950లో పులిట్జర్ బహుమతి పొంది, ఆ బహుమతి అందుకున్న తొలి నల్లజాతి రచయితగా నిలిచిన గ్వెండొలిన్ బ్రూక్స్, 1968 నుంచి 2000లో కన్నుమూసే వరకు ఇల్లినాయ్ రాష్ట్ర ఆస్థాన కవయిత్రిగా ఉండి, బడిపిల్లల కవిత్వానికి సొంత డబ్బుతో బహుమతులు ఇచ్చేది. వీధి ముఠాల్లో తిరిగే కుర్రాళ్లకు కూడా ఆమె కవిత్వం చెప్పింది. ఇక్కడి కోచ్‌లు పిల్లలకు మొదట వినిపించేది తరచుగా ఆమె గొంతునే.

మార్కుల లెక్క ఏమిటి?

ఐదుగురు న్యాయనిర్ణేతలు ఒక్కొక్కరు సున్నా నుంచి పది వరకు, ఒక దశాంశ స్థానంతో మార్కు వేస్తారు. అందులో అత్యధికాన్నీ అత్యల్పాన్నీ తీసివేసి మిగిలిన మూడింటిని కూడుతారు. ఉదాహరణకు 9.2, 8.8, 9.5, 7.9, 9.0 వచ్చాయనుకుంటే 9.5నూ 7.9నూ పక్కన పెట్టగా మొత్తం 27.0 అవుతుంది. గరిష్ఠం 30. మూడు నిమిషాలు దాటిన తర్వాత పది సెకన్ల వరకు క్షమిస్తారు, ఆ పైన ప్రతి పది సెకన్లకూ అర మార్కు కోత పడుతుంది.

పోటీలో తిరిగినవారికి మాత్రమే తెలిసే విషయం ఒకటుంది. సాయంత్రం గడిచేకొద్దీ మార్కులు వాటంతట అవే పైకి పాకుతాయి. మొదట చదివిన వారికి 8.0 వచ్చిన కవితకే చివర్లో 9.0 వచ్చే అవకాశం ఉంటుంది. అందుకే పోటీ మొదలయ్యే ముందు, పోటీలో లేని ఒక కవి చేత కవిత చదివించి న్యాయనిర్ణేతల చేయి సరిచేస్తారు. ఆ కవిని చాలాకాలం "బలి కవి" అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు, ఇప్పుడు కొన్ని చోట్ల ఆ మాటను మార్చారు. చీటీలు తీసినప్పుడు మీ పిల్ల అందరికన్నా ముందు కవిత చెప్పాలని వస్తే ముఖం ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడంలో న్యాయం ఉంది.

ముక్కూ మొహం తెలియనివారు కవిత్వానికి మార్కులు వేయడం అన్యాయం కాదా?

అన్యాయమే. ఆ సంగతి నిర్వాహకులకు తెలుసు, పిల్లలకు తెలుసు, మార్కులు వేసేవారికీ తెలుసు. ఎవరైనా తక్కువ మార్కు ఎత్తి చూపితే హాలంతా గోల చేస్తుంది, కవిత వినండి అని అరుస్తుంది. ఆ అరుపు కూడా ఆటలో భాగమే.

మార్కులు ఒక ఎర అని నా అభిప్రాయం. పదహారేళ్ల పిల్ల తన మనసులోని మాటను మూడు నిమిషాల పాటు ఎడతెగకుండా చెబుతుంటే, మూడు వందల మంది అపరిచితులు ఫోన్ ముట్టుకోకుండా వినే చోటు ఈ రోజుల్లో ఇంకెక్కడైనా ఉందా? ఇంట్లో లేదు, నేను నా ఇంటి సంగతే చెబుతున్నాను. క్లాసులో టీచర్ వింటుంది గాని అక్కడ వినడం ఆమె ఉద్యోగం. ఈ మూడు వందల మందీ వచ్చింది తమ జట్టు గెలవాలని, కానీ గెలుపోటములు తేలాలంటే అవతలి జట్టు పిల్లలను కూడా వినక తప్పదు. ఊరికి దక్షిణాన ఉన్న పిల్లల జీవితం శివార్లలోని పిల్లలకూ, వీరి జీవితం వారికీ చెవిన పడేది ఆ నియమం వల్లనే.

మా వాడు నలుగురిలో నోరు విప్పడు. వాడి వల్ల అవుతుందా?

వాగుడుకాయలకన్నా మౌనంగా ఉండే పిల్లలే ఇందులో ఎక్కువగా నిలబడటం నేను చూశాను. అప్పటికప్పుడు మాట్లాడటం వేరు, ముందే రాసి, దిద్ది, నూరుసార్లు చెప్పుకున్నదాన్ని చెప్పడం వేరు. నలుగురిలో ఏం మాట్లాడాలో తోచక మాట పెగలని పిల్లవాడికి, ఏం మాట్లాడాలో ముందే చేతిలో ఉంటే సగం భయం తీరిపోతుంది.

అమాండా గోర్మన్ పేరు మీరు వినే ఉంటారు. 2021 జనవరి 20న అమెరికా అధ్యక్షుడి ప్రమాణస్వీకార సభలో 22 ఏళ్ల వయసులో కవిత చదివిన ఆమెకు, చిన్నతనంలో ఉచ్చారణ సమస్య ఉండేది, ముఖ్యంగా "ర" పలికేది కాదు. ఆమె 2014లో లాస్ ఏంజెలెస్ యువ ఆస్థాన కవయిత్రిగా, 2017లో దేశానికి మొట్టమొదటి జాతీయ యువ ఆస్థాన కవయిత్రిగా ఎంపికైంది. 2020లో అదే గౌరవం న్యూయార్క్‌కు చెందిన మీరా దాస్‌గుప్తాకు దక్కింది. ఆ పేరు విన్నాక మా బంధువుల్లో కొందరికి ఈ వ్యాపకం మీద హఠాత్తుగా గౌరవం పెరిగింది.

వణుకు మాత్రం పోదు. మా జట్టులో ఒక అబ్బాయికి మైకు ముందు ఎడమ మోకాలు కొట్టుకునేది. కోచ్ దాన్ని ఆపమని చెప్పలేదు, కొంచెం వదులుగా ఉండే ప్యాంటు వేసుకుని రమ్మని చెప్పింది.

రాయడం ఎవరు నేర్పిస్తారు? ఎలా నేర్పిస్తారు?

బడిలో ఇంగ్లీషు టీచర్ గాని, సంస్థ పంపే టీచింగ్ ఆర్టిస్ట్ (బడులకు వెళ్లి రాయడం నేర్పే కవి) గాని కోచ్‌గా ఉంటారు. బడికి బయట గ్రంథాలయాలు ఉన్నాయి. షికాగో నడిబొడ్డున హెరాల్డ్ వాషింగ్టన్ గ్రంథాలయంలో 2009లో టీనేజ్ పిల్లల కోసమే యూమీడియా అనే విభాగం తెరిచారు. అక్కడి ఓపెన్ మైక్‌లను, అంటే ఎవరైనా వచ్చి మైకు ముందు చెప్పుకోగల సాయంత్రాలను, మైక్ హాకిన్స్ అనే కవి చాలా ఏళ్లు నడిపించాడు. పిల్లలు ఆయనను బ్రదర్ మైక్ అనేవారు, 2014లో ఆయన చనిపోయినప్పుడు నగరమంతా తలుచుకుంది. ఛాన్స్ ద ర్యాపర్, నోనేమ్ వంటి గాయకులు ఆ మైకు ముందు నిలబడి పెరిగినవారే.

పద్ధతి సంగతికి వస్తే, మా అమ్మాయి రాసిన మొదటి కవిత సంగతి చెప్పడం మేలు. అది లంచ్ బాక్సు కవిత. ఇండియన్ పిల్ల బడిలో డబ్బా తెరుస్తుంది, పక్కవాళ్లు ముక్కు మూసుకుంటారు, పిల్ల సిగ్గుపడుతుంది, చివరికి తన సంస్కృతిని చూసి గర్వపడుతుంది. ఇంట్లో విన్నప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కోచ్ మొత్తం విని ఒకటే అడిగింది: "ఆ రోజు డబ్బాలో ఏముంది?" మా అమ్మాయి ఆలోచించి, గుర్తులేదు అంది. గుర్తులేకపోవడానికి కారణం, అది జరగలేదు. నాలుగో తరగతి నుంచీ తను బడి క్యాంటీన్‌లో పిజ్జా తిన్న పిల్ల. ఆ కవిత వేరే పిల్లల వీడియోల నుంచి వచ్చింది, నా కన్నీళ్లు కూడా బహుశా అక్కడి నుంచే వచ్చాయి.

ఆ తర్వాత వారం కోచ్ జట్టుకు ఇచ్చిన పని, ఇంట్లో రోజూ వినిపించే ఒక వాక్యాన్ని యథాతథంగా రాసుకుని రావడం. వివరణ వద్దు, ఉపమానం వద్దు, ఆ వాక్యం, అది ఎవరు ఏ గదిలో అన్నారు అన్నంత మాత్రమే. అక్కడి నుంచి వచ్చినదే ఆమె పోటీకి తీసుకెళ్లిన కవిత. దాని గురించి ఇంకో ప్రశ్న కింద చెబుతాను.

గొంతు విషయంలో ఒక హెచ్చరిక. యూట్యూబ్‌లో స్లామ్ వీడియోలు చూసి చూసి పిల్లలందరికీ ఒకే రకమైన విరుపు అబ్బుతుంది: వాక్యం మధ్యలో హఠాత్తుగా ఆగడం, ఆఖరి మూడు మాటలను పైస్థాయిలో గబగబా కురిపించడం, చేతిని గాలిలో కోయడం. ఇది కొత్త జబ్బు కాదు. మన పద్యనాటకాల్లో ఒక గొప్ప నటుడు ఒక రాగం తీస్తే, ఆ తర్వాత ముప్పై ఏళ్లు ప్రతి ఊళ్లోనూ ప్రతి కృష్ణుడూ అదే రాగం తీశాడు. మంచి కోచ్ చేసే మొదటి పని ఆ అరువు విరుపును వదిలించి, పిల్ల వంటింట్లో తమ్ముడితో పోట్లాడేటప్పుడు ఏ గొంతుతో మాట్లాడుతుందో ఆ గొంతును మైకు దాకా తేవడం.

మా ఇంటి విషయాలన్నీ స్టేజి ఎక్కి చెప్పేస్తుందేమో?

చెబుతుంది. ఈ ప్రశ్నను అందరూ చివర్లో, గొంతు తగ్గించి అడుగుతారు గాని, నిజానికి అందరి మనసులో మొదట ఉండేది ఇదే. ఇంటి గుట్టు గడప దాటకూడదని పెరిగిన మనకు, కూతురు మైకులో "మా అమ్మ" అనగానే గుండె జారుతుంది.

మా ఇంట్లో జరిగినది చెబుతాను. తెనాలిలో ఉన్న మా అమ్మ ప్రతి ఆదివారం వీడియో కాల్ చేస్తుంది. మా అమ్మాయి ఫోన్ పట్టుకుని "బాగున్నా అమ్మమ్మా, తిన్నా, చదువుతున్నా" అంటుంది. నేను ఫోన్ వెనుక, అమ్మకు కనబడకుండా నిలబడి, తర్వాత ఏం చెప్పాలో పెదవులు కదిలించి అందిస్తుంటాను. ఏళ్ల తరబడి సాగిన ఈ నాటకం వల్ల మనవరాలికి తెలుగు చక్కగా వచ్చునని మా అమ్మ నమ్మకం. పోటీ రోజున మూడో వరసలో కూర్చున్న నేను మొదటిసారి విన్న కవితలో ఈ బండారమంతా ఉంది. నా పెదవుల కదలిక ఉంది. "నాకున్న తెలుగంతా మూడు మాటలు, మూడూ అబద్ధాలే" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఉంది. ఆ హాలులో తెలుగువాళ్లం ముగ్గురమో నలుగురమో ఉన్నాం, అయినా నాకు హాలంతా నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

కవిత అక్కడ ఆగలేదు. ఒక ఆదివారం నేను ఇంట్లో లేనప్పుడు కాల్ వచ్చిందట. మా అమ్మ "అక్కడ వాన పడుతోందా?" అని అడిగిందట. బయట పడుతున్నది వానా కాదు, మంచూ కాదు, రెండూ కలిసిన గింజలు. దానికి తెలుగులో ఏమనాలో పిల్లకు తెలియదు, అందించడానికి నేను లేను. అందుకని మాట్లాడకుండా లేచి, ఫోన్‌ను కిటికీ అద్దం వైపు తిప్పి పట్టుకుందట. ఇద్దరూ చాలాసేపు అది చూశారట. ఇది నాకు అమ్మ చెప్పలేదు, అమ్మాయి చెప్పలేదు, మైకు చెప్పింది. హాలులో చిటికెలు వినిపించాయి. స్లామ్‌లో చప్పట్లు కొడితే తర్వాతి వాక్యం వినపడదు కాబట్టి, నచ్చిన చోట వేళ్లతో చిటికెలు వేస్తారు.

అందువల్ల నా సలహా ఇది. కవితను ముందే చూపించమని బలవంతం చేయకండి, కానీ ఒక గీత గీసుకోవడం న్యాయమే. ఇంట్లో మరొకరి ఆరోగ్యం, వీసా, అప్పులు, విడాకులు వంటి విషయాలుంటే, వారి అనుమతి లేకుండా చెప్పవద్దని అడగవచ్చు. మంచి కోచ్‌లు కూడా "ఇది నీ కథా, నీ అన్నయ్య కథా?" అని పిల్లలను అడుగుతారు.

బాధాకరమైన విషయాలు చెబితేనే మార్కులు వస్తాయా?

ఈ విమర్శ స్లామ్ లోపలి నుంచే వస్తోంది, అందులో నిజం ఉంది. మరణం, హింస, అవమానం గురించిన కవితకు 7.5 ఇవ్వడానికి చేయి రాదు కనుక, న్యాయనిర్ణేతలు తెలియకుండానే కవితకు కాకుండా గాయానికి మార్కులు వేస్తారు. పిల్లలకు ఆ కిటుకు తొందరగానే అర్థమవుతుంది. మానని గాయాన్ని వారం వారం గెలికి చూపించడం పదిహేనేళ్ల పిల్లకు మేలు చేయదు. జట్టులో నవ్వించే కవితలు, ప్రేమ కవితలు, బస్సు కోసం ఎదురుచూడటం గురించిన కవితలు కూడా ఉన్నాయా అని కనుక్కోండి. అన్నీ ఏడుపు కవితలే అయితే ఆ జట్టు నడిచే తీరు గురించి కోచ్‌తో మాట్లాడండి.

ఇంకో ముఖ్య విషయం. ఇల్లినాయ్ చట్టం ప్రకారం టీచర్లు, పిల్లవాడు హింసకు గురవుతున్నాడన్న అనుమానం కలిగితే పిల్లల సంక్షేమ శాఖకు తప్పనిసరిగా తెలియజేయాలి. కవితలో వచ్చిందైనా సరే, "అది కల్పన" అని ఊరుకోవడం కుదరదు. పిల్ల రాతలో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన కనిపిస్తే దాన్ని కవిత్వంగా చూసి మెచ్చుకుంటూ కూర్చోకండి. అటువంటి ఆలోచనలున్నవారికి సాయం చేసే 988 నంబరుకు అమెరికాలో ఎక్కడి నుంచైనా ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.

బూతులు వాడతారా?

కొందరు వాడతారు. బడి జరిపే పోటీల్లో సాధారణంగా ఒప్పుకోరు, నగర స్థాయి పోటీల్లో చూసీచూడనట్టు ఉంటారు.

బడిలో పోయెట్రీ అవుట్ లౌడ్ అనే పోటీ కూడా ఉంది. రెండూ ఒకటేనా?

కావు. పోయెట్రీ అవుట్ లౌడ్‌లో ఇతర కవుల అచ్చయిన కవితలను కంఠస్థం చేసి అప్పగించాలి. దాన్ని జాతీయ కళల నిధి, షికాగోలోనే ఉన్న పోయెట్రీ ఫౌండేషన్ కలిసి హైస్కూలు విద్యార్థుల కోసం ఏర్పరచాయి. జాతీయ విజేతకు 20,000 డాలర్ల బహుమతి ఉంటుంది. మన వైపు పద్యపఠనానికి, ఏకపాత్రాభినయానికి అది దగ్గరి చుట్టం. మయసభలో దుర్యోధనుడి మాటలు ఎంత గొప్పగా చెప్పినా అవి దుర్యోధనుడివే కదా. స్లామ్‌లో ఆ వెసులుబాటు లేదు, చెప్పేది ఎవరో వినేవారికి తెలిసిపోతుంది. రెండింటిలోనూ పాల్గొనే పిల్లలున్నారు, ఒకదాని సాధన మరొకదానికి పనికొస్తుంది.

మన అవధానం లాంటిదే అనుకోవచ్చా?

పెద్దవారికి చెప్పడానికి ఆ పోలిక నేనూ వాడాను, తర్వాత నాకే సరిపడలేదు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అడ్డంకులు పెడతారు, అవధాని అక్కడికక్కడే ఛందస్సులో పద్యం కట్టి, ధారణ చేసి, చివర్లో అన్నీ అప్పగిస్తాడు. అక్కడ పరీక్ష ఆశువుకూ ధారణకూ. స్లామ్ కవిత ముందే రాసుకున్నది, ఛందస్సు లేనిది, సొంత జీవితం గురించినది. కలిసే చోటు ఒకటుంది: రెండూ శ్రోతలు లేకపోతే లేవు. నిషిద్ధాక్షరిలో అవధాని నిషేధాన్ని తప్పించుకుని ఊహించని అక్షరం వేసినప్పుడు సభలో పుట్టే "ఆహా", పద్యనాటకంలో పడే "వన్స్‌మోర్", ఇక్కడి చిటికెలు ఒకే జాతివి.

కవితలో తెలుగు మాటలు వాడితే మార్కులు తగ్గుతాయా?

నేను చూసినంతలో తగ్గలేదు. షికాగో పోటీల్లో స్పానిష్ మాటలు కలవని సాయంత్రం ఉండదు, అందుకని ఈ శ్రోతల చెవులు పరాయి మాటకు అలవాటు పడినవే. తప్పు జరిగేది తెలుగు మాట చెప్పి వెంటనే దాని అర్థం ఇంగ్లీషులో చెప్పినప్పుడు. కవిత పాఠంలా మారిపోతుంది, మూడు నిమిషాల్లో పావు వంతు అనువాదానికే పోతుంది. మా అమ్మాయి "తిన్నా" అన్న మాటకు అర్థం చెప్పలేదు. ఆ మాటను ఐదుసార్లు ఐదు రకాలుగా పలికింది, ఐదోసారికి అందరికీ తెలిసింది.

అలాగే పేరు. అనౌన్సర్ మీ పిల్ల పేరును తప్పుగా పలుకుతాడు. ముందే వెళ్లి ఎలా పలకాలో చెప్పమనండి. మామూలుగా ఏ పిల్లా చెప్పదు, చెప్పిన రోజున అదే పెద్ద విశేషం.

దీనివల్ల కాలేజీ అడ్మిషన్‌కు ఏమైనా లాభం ఉందా?

ఈ ప్రశ్న రాకుండా ఏ సంభాషణా ముగియలేదు కనుక సూటిగా చెబుతాను. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, మాడిసన్‌లో 2007లో మొదలైన ఫస్ట్ వేవ్ అనే పథకం స్పోకెన్ వర్డ్, హిప్‌హాప్ కళల్లో ప్రతిభ ఉన్న విద్యార్థులకు పూర్తి ట్యూషన్ స్కాలర్‌షిప్ ఇస్తూ వచ్చింది. అటువంటిది దేశంలో అదే మొదటిది. లౌడర్ దాన్ ఎ బాంబ్ 2008 పోటీల మీద తీసిన డాక్యుమెంటరీలో కనిపించిన నేట్ మార్షల్ ఆ తర్వాత కవిగా, అధ్యాపకుడిగా పేరు తెచ్చుకున్నాడు. మిగిలినవారికి నేరుగా దొరికేది తక్కువ. అయితే అడ్మిషన్ వ్యాసంలో అందరూ రాసేదే రాయకుండా ఉండటం ఇక్కడ బాగా వస్తుంది. డబ్బాలో ఏముందని ఒకసారి అడిగించుకున్న పిల్ల, మళ్లీ ఖాళీ డబ్బా గురించి రాయదు.

వీడియోలు ఇంటర్నెట్‌లో పెడతారా?

మైనర్ల విషయంలో నిర్వాహకులు తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం తీసుకోవాలి. చదవకుండా సంతకం చేయకండి. పదిహేనేళ్లప్పుడు చెప్పిన మాట పాతికేళ్లప్పుడు ఉద్యోగం ఇచ్చేవాడి కంటపడుతుంది. కవిత చెప్పడానికి అనుమతి ఇచ్చి, వీడియోకు ఇవ్వకుండా ఉండవచ్చు. మేం అలాగే చేశాం. పెద్దవారి పర్యవేక్షణ ఎలా ఉంటుంది, వేరే ఊరి పోటీలకు పిల్లల వెంట ఎవరు వెళ్తారు, రాత్రి గదులు ఎలా కేటాయిస్తారు అన్నవి కూడా అదే రోజున అడగండి. అడిగినందుకు నొచ్చుకునే నిర్వాహకుల దగ్గరికి పిల్లను పంపకండి.

హైదరాబాద్‌లో ఉన్న మా అక్క పిల్లలకు ఇలాంటివి ఉన్నాయా?

హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్‌లో ఓపెన్ మైక్‌లు జరుగుతుంటాయి. ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, తెలుగు అన్నీ ఒకే సాయంత్రం వినిపించే చోటు అది. టీకి, సమోసాకు సరిపడే డబ్బుంటే చాలు. మార్కులు లేని మైకు కనుక మొదటిసారి ఎక్కేవారికి అదే నయం. తెలుగు బడుల్లో వక్తృత్వం, పద్యపఠనం పోటీలకు కొదవ లేదు. పిల్లలు తమ సొంత రాతను తమ సొంత యాసలో, మార్కుల కోసం శిష్టభాషలోకి మార్చుకోకుండా చెప్పే పోటీలు మాత్రం నాకు తారసపడలేదు. ఒక్క టీచరు, ఒక స్టాప్‌వాచ్, ఐదు పలకలు ఉంటే మొదలుపెట్టగలిగిన ఆట ఇది.

పోటీకి వెళ్లినప్పుడు నేను ఎలా ఉండాలి? న్యాయనిర్ణేతగా కూర్చోమంటే ఒప్పుకోవచ్చా?

మీ పిల్ల జట్టు లేని బౌట్‌లో (కొన్ని జట్లు తలపడే ఒక విడత పోటీని అలా అంటారు) అయితే ఒప్పుకోండి. పోటీలో ఉన్న ఏ జట్టుతోనూ సంబంధం లేనివారినే తీసుకుంటారు, కవిత్వం తెలియాలన్న నియమం లేదు. నన్ను ఒకసారి కూర్చోబెట్టారు. చిన్న తెల్లబోర్డు, మార్కర్ ఇచ్చారు. మూడో కవి, పద్నాలుగేళ్లుంటాయేమో, తన కుక్క గురించి చెప్పాడు, మధ్యలో ఒక వాక్యం మరిచిపోయి పదిహేను సెకన్లు నిలబడిపోయాడు. హాలంతా "నీ దగ్గర ఉంది, నీ దగ్గర ఉంది" అన్న అర్థం వచ్చేలా చిటికెలు వేస్తూ ఎదురుచూసింది, వాక్యం దొరికింది, ముగించాడు. నేను నిజాయితీగా ఆలోచించి 7.8 రాసి బోర్డు పైకెత్తాను. మిగతా నలుగురూ 9కి పైనే ఎత్తారు. మూడు వందల మంది నన్ను చూసి గోల చేశారు, వెనుక వరసలో ఒక ముసలాయన లేచి నిలబడి మరీ చేశాడు. అత్యల్పం కనుక నా మార్కు లెక్కలోంచి తీసేశారు. విరామంలో నీళ్ల సీసా కోసం బయటికి వెళ్తే ఆ కుర్రాడు ఎదురై, "ఆ మరిచిపోయిన వాక్యం లేకపోతే ఎంత వేసేవారు?" అని అడిగాడు. ఎనిమిదిన్నర అన్నాను. ఆలోచించి, "ఎనిమిదిన్నర ఎక్కువ, చివరి నాలుగు వాక్యాలు ఇంకా బాగోలేదు" అని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.